దెబ్బతిన్న పిల్లలు మన ఇంటికి వచ్చాక: తిరుపతి, చిత్తూరు ఫోస్టర్ కుటుంబాలు తరచుగా అడిగే ప్రశ్నలు

సొంత ఇంట్లోనో, తెలిసినవాళ్ల దగ్గరో దెబ్బలు తిన్న పిల్లలు, లైంగిక దాడికి గురైన పిల్లలు, వేళకు ఇంత ముద్ద పెట్టే దిక్కు కూడా లేక పెరిగిన పిల్లలు కొందరు ఫోస్టర్ కేర్ కింద వేరే కుటుంబాలకు వస్తారు. వాళ్లను తెచ్చుకున్నవాళ్లు, తెచ్చుకోవాలనుకుంటున్నవాళ్లు అడిగే ప్రశ్నలివి. చాలామంది ముందు అడిగేది "ఈ బిడ్డను ఎలా మార్చాలి" అని. నేను ఏ ప్రశ్నకు జవాబు చెప్పినా ఒక్క మాట పట్టుకునే చెబుతాను. ఈరోజు మీకు చెడ్డ అలవాటుగా కనిపించేది ఒకప్పుడు ఆ బిడ్డను కాపాడిన పని. ఇక దాని అవసరం లేదని బిడ్డకు నోటితో చెబితే ఎక్కదు. రోజూ ఒకేలా నడిచే ఇంట్లో ఉండి ఉండి తనకే తెలియాలి.

ఫోస్టర్ కేర్ అంటే దత్తత తీసుకోవడమేనా?

కాదు. దత్తత అయితే బిడ్డ చట్టప్రకారం పూర్తిగా మీ బిడ్డ. ఫోస్టర్ కేర్‌లో పెంచే బాధ్యత కొంతకాలం మీది, నిర్ణయాలు మాత్రం జిల్లా బాలల సంక్షేమ కమిటీవి. అందరూ సీడబ్ల్యూసీ అనేది దాన్నే. 2015 జువెనైల్ జస్టిస్ చట్టంలోని 44వ సెక్షన్ దీనికి ఆధారం. పిల్లల సంరక్షణకు కేంద్రం నడిపే మిషన్ వాత్సల్య పథకం కింద బిడ్డ ఖర్చులకు నెలకు 4,000 రూపాయల సాయం ఉంది. 2024లో కేంద్రం సవరించిన మార్గదర్శకాల్లో 35 నుంచి 60 ఏళ్ల మధ్య ఉన్న ఒంటరివాళ్లకు కూడా అవకాశం ఇచ్చారు. బిడ్డకు ఆరేళ్లు దాటి ఉండాలి. రెండేళ్లు పెంచాక, బిడ్డ చట్టపరంగా దత్తతకు వీలున్న బిడ్డ అయితే, దత్తత కోరవచ్చు. ఇదివరకు ఐదేళ్లు ఆగాల్సి వచ్చేది.

2022 ఏప్రిల్‌లో తిరుపతి వేరే జిల్లా అయింది కాబట్టి మీ ఫైలు ఏ జిల్లా కమిటీ దగ్గర ఉందో ఆర్డరు కాపీలో చూసుకోండి. జిల్లా బాలల సంరక్షణ విభాగంలో మీ కేసు చూసే మనిషి ఫోన్ నంబరు ఇంట్లో అందరి ఫోన్లలోనూ ఉండాలి.

వచ్చిన కొత్తలో బంగారంలాంటి పిల్లోడు. నెల తిరిగేసరికి ఇల్లు పీకి పందిరేస్తున్నాడు. మా పెంపకంలో తప్పుందా?

చాలాసార్లు ఇది మీ మీద నమ్మకం మొదలైందనడానికి గుర్తు. కొత్తలో వాడు చుట్టంలా ఉంటాడు. ఇంట్లో ఎవరికి కోపం ఎక్కువ, రాత్రి తలుపులు ఎప్పుడు వేస్తారు, గట్టిగా మాట్లాడాక దెబ్బ పడుతుందా పడదా అని కనిపెడుతుంటాడు. కాస్త కుదురుకున్నాక పరీక్ష మొదలుపెడతాడు. "ఇలా చేసినా నన్ను ఉంచుకుంటారా?" అని నోరు తెరిచి అడగలేడు కాబట్టి గ్లాసు విసిరి అడుగుతాడు. ఇప్పటికే రెండు మూడు చోట్ల ఉండి వచ్చిన బిడ్డ అయితే ఎలాగూ పంపించేస్తారని తీర్మానించుకుని ఉంటాడు. ఆ రోజు కోసం భయంతో ఎదురుచూడలేక తానే తొందరపెడతాడు.

అందుకే "ఇలాగే చేస్తే మళ్లీ హోమ్‌కి పంపించేస్తా", "హాస్టల్లో వేసేస్తా" అనే మాటలు ఎంత విసుగులోనైనా నోటినుంచి రాకూడదు. మన సొంత పిల్లలతో ఊరికే అనే మాటలే అవి. ఈ బిడ్డకు మాత్రం అవి జరిగిన విషయాలు. అలాగని "ఎప్పటికీ ఇక్కడే ఉంటావు" అని కూడా మాట ఇవ్వకండి, కమిటీ ఆర్డరుకు గడువు ఉంటుంది. మీ చేతిలో ఉన్నదే చెప్పండి. "రేపు పొద్దున ఇడ్లీ. తర్వాత బడి. సాయంత్రం గేటు దగ్గర నేనే ఉంటా." చెప్పినట్టే ఉండండి. ఒకరోజు ఆలస్యమవుతుందనుకుంటే టీచరుకు ఫోన్ చేసి ఆ సంగతి బిడ్డకు చెప్పించండి.

తిండి దాచుకుంటోంది. దిండు కింద సంగటి ముద్ద దొరికింది. చీమలు పట్టి పక్కంతా పాడైంది. ఎలా మాన్పించాలి?

ముందు ఆ బిడ్డ తినేటప్పుడు ఒకసారి పక్కన కూర్చుని చూడండి. నోట్లో ముద్ద మింగకముందే తట్టలో ఇంకో ముద్ద కలిపేస్తుంది. ఎడమచేయి తట్ట చుట్టూ అడ్డంగా ఉంటుంది. కళ్లు తన తట్ట మీద ఉండవు, మధ్యలో ఉన్న గిన్నె మీద ఉంటాయి. గిన్నె అడుగు కనిపిస్తే చేయి ఇంకా వేగంగా ఆడుతుంది. ఆకలి తీరాక కూడా ఆగలేదు, ఎందుకంటే ఆ బిడ్డ తినేది ఇప్పటి ఆకలికి మాత్రమే కాదు, రేపటిక్కూడా.

వంటింటికి తాళం వేయడం, డబ్బాలు అటక మీద పెట్టడం చేయొద్దు. అప్పుడు తిండి మళ్లీ అందని వస్తువు అవుతుంది, భయం రెట్టింపవుతుంది. మూతున్న ఒక డబ్బా కొని ఆ బిడ్డ పేరు రాయండి. బొరుగులు, వేరుశనగ ఉండలు, బిస్కెట్లు, పక్కనే ఒక అరటిపండు పెట్టండి. అర్ధరాత్రైనా ఎవరినీ అడగకుండా తినొచ్చు. అయిపోతే మీరే నింపాలి, "అప్పుడే అయిపోయిందా" అనకుండా నింపాలి. వండిన అన్నం, సంగటి మాత్రం వంటింట్లోనే తినాలి, చీమలొస్తాయి అని ఒక్క నియమం చాలు. మొదట రోజుకు రెండుసార్లు ఖాళీ అవుతుంది. కొన్ని వారాలకో నెలలకో అడుగున ఉన్న బొరుగులు మెత్తబడి కనిపిస్తాయి. ఆ రోజు దాన్ని పెద్ద విషయం చేయకుండా డబ్బా కడిగి మళ్లీ నింపి పెట్టండి.

ఇంట్లో పెద్దవాళ్లు శనివారం ఒక్కపొద్దు ఉంటే ఆ సంగతి ముందురోజే బిడ్డకు చెప్పండి. వేళకు పొయ్యి వెలగకపోతే ఈ పిల్లలకు కాళ్లూ చేతులూ ఆడవు. చుట్టాలొచ్చినప్పుడు "చూడు ఎంత తింటుందో" అన్న మాట ముద్దుగా కూడా అనొద్దు. నులిపురుగులు, రక్తహీనత ఉన్నాయేమో డాక్టరుకు ఒకసారి చూపించండి.

ఏం జరిగిందో మేమే అడిగి తెలుసుకోవచ్చా?

అడగొద్దు. చెబితే వినండి. ఈ రెండింటికీ చాలా తేడా ఉంది. కేసు నడుస్తుంటే పెద్దవాళ్లు గుచ్చి గుచ్చి అడగడం వల్ల బిడ్డ జ్ఞాపకం కలగాపులగమై కోర్టులో బిడ్డకే నష్టం జరగొచ్చు. తనంతట తాను చెప్పే సమయం అనుకోకుండా వస్తుంది. బండి మీద వెనక కూర్చున్నప్పుడు, చిక్కుడుకాయలు ఒలుస్తున్నప్పుడు, కరెంటు పోయినప్పుడు. మీ మొహం చూడక్కర్లేని చోటు పిల్లలకు మాట్లాడటానికి సులువు. చేస్తున్న పని ఆపకుండా వినండి. "నువ్వు చెప్పడం మంచిపని. నీ తప్పేం లేదు." ఇవి చాలు. "అప్పుడే ఎందుకు చెప్పలేదు" అని మాత్రం అనకండి. "ఎవరికీ చెప్పనులే" అని మాట కూడా ఇవ్వకండి, ఎందుకంటే చెప్పాల్సి రావొచ్చు.

అంతకుముందు ఎవరికీ తెలియని లైంగిక దాడి సంగతి బయటపడితే పిల్లల మీద లైంగిక నేరాలకు సంబంధించిన 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు తెలపడం తప్పనిసరి. తెలిసి దాచడం నేరం. బిడ్డ వాంగ్మూలం ఇంట్లోనే తీసుకోవచ్చు, పోలీసు యూనిఫాంలో రాకూడదు, వీలైనంతవరకు ఎస్సై స్థాయికి తగ్గని మహిళా అధికారి రావాలి, బిడ్డ నమ్మే మనిషి పక్కన ఉండొచ్చు. రాత్రిపూట పిల్లలను స్టేషన్‌లో ఉంచకూడదు. కేసు మొదటినుంచి చివరిదాకా తోడుండే సపోర్ట్ పర్సన్‌ను ఇవ్వమని సీడబ్ల్యూసీని అడగండి. ఇది మీరు మొహమాటపడాల్సిన విషయం కాదు.

కళ్లెదుట కనిపిస్తున్నా అబద్ధం చెబుతాడు. పర్సులో డబ్బులు కూడా తీస్తున్నాడు.

నిజం చెప్పినప్పుడు దెబ్బలు తిన్న బిడ్డకు అబద్ధం తప్పించుకునే దారి. "నువ్వు తీశావా?" అని అడిగితే లేదనే అంటాడు. తెలిసిన సంగతిని ప్రశ్నగా అడగడం మానేయండి. "పర్సులో యాభై తక్కువుంది. నీ దగ్గరుంటే రాత్రిలోగా టీవీ మీద పెట్టు" అనేసి అక్కణ్ణుంచి వెళ్లిపోండి. పెడితే ఆ సంగతి మళ్లీ ఎత్తొద్దు. డబ్బు కనిపించే చోట పెట్టకపోవడం మీ బాధ్యత. చిన్నదైనా సరే వారం వారం చేతి ఖర్చు ఇవ్వండి, దాని లెక్క అడగొద్దు. తనది అంటూ ఒకటి ఉన్న తర్వాతే ఇంకొకరిది అన్న మాట అర్థమవుతుంది. వీధిలో దొంగ అన్న పేరు పడకుండా చూడటం ముఖ్యం, మా ఊళ్లలో ఒకసారి పడ్డ పేరు పోదు.

పదేళ్లొచ్చినా పక్క తడుపుతున్నాడు.

ముందు డాక్టరు. మూత్రంలో ఇన్ఫెక్షన్, మలబద్ధకం, షుగర్ ఉన్నాయేమో చూస్తారు. ఆరు నెలలు పైగా పొడిగా ఉండి మళ్లీ మొదలైతే దానికి టెన్షన్ ఒక కారణం కావచ్చు. లైంగిక దాడికి గురైన పిల్లల్లో కొందరికి పక్క తడపడమే రక్షణ, తడిసిన పక్క దగ్గరికి ఎవరూ రారు కదా. పరుపు కింద రబ్బరు షీటు, పక్కనే ఇంకో జత బట్టలు, దుప్పటి. రాత్రి లేస్తే తానే మార్చుకుని తడిసినవి బకెట్లో వేస్తాడు, పొద్దున మీరు మాట్లాడకుండా ఉతుకుతారు. మేడ మీద ఆరేసిన దుప్పటి చూసి ఎవరైనా అడిగితే నీళ్లు ఒలికాయని చెప్పండి. బాత్రూం దాకా లైటు ఉండాలి. చీకట్లో లేచి నడవాలన్న భయంతోనే ఆపుకునే పిల్లలు ఉన్నారు.

ఉన్నట్టుండి కేకలు, వస్తువులు విసరడం, తల గోడకేసి కొట్టుకోవడం. కారణమే కనిపించదు.

కారణం ఉంటుంది, మనకు కనిపించనంత చిన్నదై ఉంటుంది. ప్రమాదాన్ని పసిగట్టే మెదడు భాగం ఈ పిల్లల్లో తొందరగా అదిరిపడుతుంది. ఆ నిమిషంలో ఆలోచించి అదుపు చేసే భాగం పనిచేయదు. అందుకే అప్పుడు నీతులు చెప్పినా, బెదిరించినా, ఎందుకు చేస్తున్నావని అడిగినా ప్రయోజనం ఉండదు. బిడ్డ దగ్గర కూడా దానికి జవాబు ఉండదు.

ఒక నోటుబుక్ పెట్టుకోండి. ఏ రోజు, ఎన్ని గంటలకు, అంతకుముందు పది నిమిషాల్లో ఏం జరిగింది, ఎవరెవరు ఉన్నారు. రెండు వారాలు రాస్తే ఏదో ఒకటి బయటపడుతుంది. ఉదాహరణకు రోజూ సాయంత్రం ఏడు గంటల ప్రాంతంలోనే గొడవ మొదలవుతోందనుకోండి. ఆ వేళ ఇంటాయన డ్యూటీ నుంచి వస్తాడు, చొక్కా విప్పి, బెల్టు తీసి తలుపు వెనక మేకుకు తగిలిస్తాడు. బకిల్ చెక్కకు తగిలి చిన్న చప్పుడవుతుంది. ఆయన అలిసిపోయి వచ్చిన మనిషి, పాపం ఆయనకేం తెలుసు. ఆ చప్పుడు తర్వాత ఏం జరుగుతుందో ఆ బిడ్డ ఒంటికి మాత్రం తెలుసు. బెల్టు బయట వరండాలోనో బీరువాలోనో పెట్టుకుంటే సగం సాయంత్రాలు నిమ్మళిస్తాయి. కొందరికి అది తాగొచ్చిన మనిషి దగ్గర వచ్చే వాసన, కొందరికి లోపలి గడియ పడటం, కొందరికి వెనక నుంచి భుజం మీద పడ్డ చేయి.

గొడవ జరుగుతున్నప్పుడు మిగతా పిల్లలను పక్కగదికి పంపండి. కత్తిపీట, గాజు సామాను తీసేయండి. మీరు నిలబడకండి, కొంచెం దూరంగా నేల మీద కూర్చోండి. తలుపు తెరిచి ఉంచండి, తలుపుకు మీరు అడ్డం కాకండి. గొంతు తగ్గించండి. ఒకటే మాట, "నేను ఇక్కడే ఉన్నా. నిన్నెవరూ కొట్టరు." బిడ్డకు దెబ్బ తగిలే ప్రమాదం ఉంటే తప్ప పట్టుకోవద్దు. తల గోడకు కొట్టుకుంటుంటే మధ్యలో దిండు పెట్టండి. చల్లబడ్డాక నీళ్లు ఇవ్వండి, ఏదైనా తినిపించండి, పగిలినవి ఇద్దరూ కలిసి ఎత్తండి. మాట్లాడాల్సింది మర్నాడు, అదీ రెండు మూడు మాటల్లో.

ఒక్క దెబ్బ వేస్తే దారికొస్తాడని మా జేజి అంటుంది. మమ్మల్నీ అలాగే పెంచారు కదా?

ఒక్క దెబ్బ కూడా వద్దు. మీ జేజి కొట్టిన చేత్తోనే అన్నం కలిపి పెట్టింది, ఆ రెండో సంగతి మీకు తెలుసు. ఈ బిడ్డకు దెబ్బ తర్వాత ఇంకా పెద్ద దెబ్బే వచ్చింది. మీరు కొడితే ఇన్నాళ్ల పరీక్షకు జవాబు దొరికినట్టే: అందరూ ఒకటే. చట్టం సంగతికొస్తే, సంరక్షణలో ఉన్న బిడ్డ మీద క్రూరత్వానికి జువెనైల్ జస్టిస్ చట్టం 75వ సెక్షన్ కింద మూడేళ్లదాకా జైలు పడొచ్చు. జేజికి మర్యాదగానే చెప్పండి, ఈ ఒక్క బిడ్డ విషయంలో నా మాట వినమ్మా అని. ఆవిడ కథలు, ఆవిడ చేతి గోరుముద్దలు ఈ బిడ్డకు చాలా అవసరం కాబట్టి ఆవిడను దూరం పెట్టకండి.

మా పాప అస్సలు అల్లరి చేయదు. చెప్పిన పనల్లా చేస్తుంది, ఏడవదు కూడా. అందరూ మెచ్చుకుంటున్నారు.

నాకు ఎక్కువ బెంగ ఈ పిల్లల గురించే. విసిరే పిల్లోడి గురించి అందరూ ఫోన్ చేస్తారు, ఈ పిల్ల గురించి ఎవరూ చేయరు. జ్వరమొచ్చినా చెప్పదు. కాలు కాలినా ఏడవదు. పిలిస్తే ఎటో చూస్తూ ఉండిపోతుంది, రెండోసారి పిలిస్తే ఉలిక్కిపడుతుంది. మీ మొహం చూసి మీకేం కావాలో ముందే పసిగట్టి చేసేస్తుంది. ఇంటిపని చేస్తేనే ఇంట్లో చోటు అని నేర్చుకున్న బిడ్డ ఆ పిల్ల. గిన్నెలు కడగొద్దని చెబితే భయపడుతుంది, కాబట్టి ఒక చిన్న పని ఉంచి మిగతావి మెల్లగా తగ్గించండి. చిన్న చిన్న ఎంపికలు ఇవ్వండి, దోసా ఉప్మానా, నీలం రిబ్బనా ఎర్రదా. "ఏదైనా పర్లేదు" అనే జవాబే నెలల తరబడి రావొచ్చు. మొదటిసారి "నాకొద్దు" అన్న రోజు సంతోషించండి.

ఎవరొచ్చినా ఒళ్లో కూర్చుంటుంది. ఇంకో పిల్లతో పెద్దవాళ్ల చేష్టలు కూడా చేసింది. మాకు ఒళ్లు జలదరించింది.

రెండూ వేరు. పరిచయం లేనివాళ్లను కూడా వాటేసుకోవడం, చేయి పట్టుకుని వెంట వెళ్లిపోవడం నిలకడగా ఒక్కరి ప్రేమ కూడా దొరకని పిల్లల్లో కనిపిస్తుంది. ఎవరికి నమస్కారం, ఎవరికి చేయి ఊపడం, ఎవరి ఒళ్లో కూర్చోవచ్చు అని ఆటలాగా నేర్పండి. వచ్చే చుట్టాలకు ముందే చెప్పండి, ఎత్తుకోవద్దు, ముద్దు పెట్టొద్దు అని.

రెండోది, తన మీద ఎవరో చేసినదాన్ని బిడ్డ మళ్లీ చేసి చూపడం. చెడిపోయిన పిల్ల అన్న మాట మీ ఇంట్లో ఎవరి నోటా రాకూడదు. కేకలు వేయకుండా, "మన ఒళ్లు మనది, వాళ్ల ఒళ్లు వాళ్లది. అక్కడ ముట్టుకోం" అని మామూలు గొంతుతో చెప్పి వేరే పనిలోకి తీసుకెళ్లండి. స్నానం ఒక్కరే, పక్కలు వేర్వేరు, పిల్లలు మూసిన గదిలో ఆడుకోకూడదు, ఈ నియమాలు ఇంట్లో పిల్లలందరికీ ఒకటే. సంరక్షణ విభాగానికి, కౌన్సెలరుకు అదే రోజు చెప్పండి. బలవంతం ఉన్నా, పిల్లల వయసుల్లో ఎక్కువ తేడా ఉన్నా అసలు ఆలస్యం చేయొద్దు. పరువు పోతుందని దాస్తే రెండో బిడ్డకు అన్యాయం జరుగుతుంది.

గంగమ్మ జాతరకు తీసుకెళ్లొచ్చా? కొండకు తీసుకెళ్లి గుండు కొట్టించాలని మొక్కుకున్నాం.

మొదటి ఏడాది జాతర రద్దీలోకి వద్దనే చెబుతాను. తాతయ్యగుంట గంగమ్మ జాతర మనకు పండగ. చిన్నప్పటినుంచి చూసిన పిల్లలకు బైరాగి వేషం, బండ వేషం, మాతంగి వేషం సంబరం. వేషం వేసినవాళ్లు తిట్టే తిట్లు మొక్కులో భాగమని మనకు తెలుసు. తాగొచ్చిన మనిషి అవే తిట్లు తిడుతూ మీదికొచ్చిన ఇంట్లో పెరిగిన బిడ్డకు ఆ తేడా తెలియదు. పైగా మొహానికి రంగు పూసుకుంటే ఎవరు ఎవరో కూడా తెలియదు. ఇంటి దగ్గరే అంబలి పోసుకుని, దూరంగా మేడ మీదినుంచి చూపించండి. రెండో ఏడు తానే అడిగితే ఉదయంపూట, జనం పలచగా ఉన్నప్పుడు తీసుకెళ్లండి.

గుండు విషయంలో బిడ్డ ఒప్పుకోవాలి. తల వంచి, మెడ మీద ఒకరి చేయి, నెత్తి మీద కత్తి. దెబ్బతిన్న బిడ్డకు ఇది చిన్న విషయం కాదు. మొక్కు మీది కాబట్టి తలనీలాలు మీరివ్వండి. క్యూ కాంప్లెక్సులో తలుపులేసిన కంపార్ట్‌మెంట్‌లో గంటలు కూర్చోవాల్సి వస్తుందని కూడా ముందే చెప్పండి, బాత్రూం ఎక్కడుంటుందో చూపించి కూర్చోబెట్టండి.

నన్ను అమ్మా అని పిలవట్లేదు.

పిలవనక్కర్లేదు. చాలామందికి అమ్మ ఇంకా ఉంది. పెద్దమ్మ, చిన్నమ్మ, అత్త, అక్క, ఏది నోటికొస్తే అది.

వాళ్లమ్మను చూసొచ్చిన రోజల్లా నరకం. ఈ కలవడాలు ఆపేయమని అడగొచ్చా?

కలిసి వచ్చాక గొడవ చేయడమొక్కటే కలవడం చెడ్డదనడానికి సాక్ష్యం కాదు. కొట్టిన అమ్మ మీద కూడా బిడ్డకు బెంగ ఉంటుంది. మీ ఇంట్లో హాయిగా ఉంటే అమ్మకు ద్రోహం చేసినట్టు అనిపిస్తుంది, ఆ ఉక్రోషం మీ మీద తీరుస్తుంది. వాళ్లమ్మను మీరు ఒక్క మాట అనకండి. కలిసొచ్చిన సాయంత్రం ట్యూషన్, చుట్టాలు, పనులు ఏమీ పెట్టకండి. నోటుబుక్‌లో రాసినది కమిటీకి చూపించండి. అక్కడ బెదిరింపులున్నా, కేసు వెనక్కి తీసుకోమని బిడ్డ మీద ఒత్తిడి పెడుతున్నా, నిద్ర తిండి మానేసేంత భయం కనిపించినా అప్పుడు ఆపమని తప్పకుండా అడగండి. కోర్టు వాయిదాలు దగ్గరపడ్డప్పుడు కూడా పక్క తడపడం, పీడకలలు తిరిగి రావొచ్చు. పోక్సో కోర్టులో విచారణ అందరి ముందు జరగదు, నిందితుడు బిడ్డ కంటబడకుండా చూడాలి, లాయరు నేరుగా బిడ్డను ప్రశ్నించకూడదు, జడ్జి ద్వారానే అడగాలి. ఈ మూడూ బిడ్డకు ముందే చెబితే భయం కొంత తగ్గుతుంది.

బడిలో కుదురుగా కూర్చోడని రోజూ ఫిర్యాదు.

ఎప్పుడూ తలుపు వైపు చూసే బిడ్డకు పాఠం ఎక్కదు. చూసేవాళ్లకు అది ఏకాగ్రత లోపంలా కనిపిస్తుంది, నిజంగా ఆ సమస్య కూడా ఉండొచ్చు, తేల్చాల్సింది డాక్టరు. బిడ్డను గోడకు వీపు ఆనేలా, తలుపు కనిపించేలా కూర్చోబెట్టమని టీచరును అడగండి. వెనకనుంచి తట్టొద్దని చెప్పండి. బడిలో కొట్టడం విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ ప్రకారం నిషేధం. టీసీ రాలేదని, పుట్టిన తేదీ పత్రం లేదని ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు సీటు నిరాకరించడానికి కూడా ఆ చట్టం ఒప్పుకోదు. హెడ్‌మాస్టరుకు, క్లాస్ టీచరుకు అవసరమైనంతే చెప్పండి, కథంతా వద్దు.

ఇరుగుపొరుగు, చుట్టాలు అడిగితే ఏం చెప్పాలి?

"మా దగ్గరుండి చదువుకుంటోంది." అంతే. బిడ్డ పేరు, ఫొటో, కేసు వివరాలు బయటపెట్టడం జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ ప్రకారం నేరం, వాట్సాప్ స్టేటస్ కూడా అందులోకే వస్తుంది. "ఇలాంటివి మనలాంటి ఇళ్లలో జరగవులే" అనేవాళ్లకు ఒక్క లెక్క చెప్పండి. 2007లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ ఆంధ్రప్రదేశ్ సహా 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలను అడిగితే 53.22 శాతం మంది ఏదో ఒక రకమైన లైంగిక వేధింపు ఎదురైందని చెప్పారు.

మా సొంత పిల్లలు నలిగిపోతున్నారు.

అవును, నలుగుతారు. రోజూ కాసేపు, వారంలో ఒకసారి పూర్తిగా, వాళ్లతో మాత్రమే ఉండండి. వాళ్ల వస్తువులకు తాళం ఉండాలి. "పాపం, సర్దుకో" అని ప్రతిసారీ వాళ్లతోనే అనిపిస్తే ఆ కసి కొత్త బిడ్డ మీదికే వెళ్తుంది.

గాలి సోకిందేమో, తాయెత్తు కట్టించమంటున్నారు. అసలు ఎవరికి చూపించాలి?

దిష్టి తీస్తే మీ మనసు కుదుటపడుతుందంటే తీసుకోండి, బిడ్డకు నష్టం లేదు. కొట్టి, పొగ పెట్టి, జుట్టు పట్టి ఊపే భూతవైద్యం దగ్గరికి మాత్రం తీసుకెళ్లొద్దు, అది మళ్లీ హింసే. తిరుపతిలో ఎస్వీ మెడికల్ కాలేజీకి అనుబంధంగా ఉన్న రుయా ఆసుపత్రిలో మానసిక వైద్యులకు చూపించవచ్చు. అంతదూరం వెళ్లలేనివాళ్లు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయొచ్చు, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. హింస తాలూకు భయాలకు ముందు వరుసలో ఉండే చికిత్స మాటలతో, ఆటలతో సాగేదే. పెంచేవాళ్లను కూడా కూర్చోబెట్టి నేర్పేది ఇంకా మంచిది. నిద్రలేమి, తీవ్రమైన దిగులు ఉంటే డాక్టరు మందులు రాయొచ్చు. మందుల షాపులో అడిగి నిద్రమాత్రలు వేయడం ప్రమాదం.

ఏవి చూస్తే వెంటనే పరుగెత్తాలి?

చచ్చిపోతానని అనడం, చేతులు కోసుకోవడం, ఇంట్లోంచి పారిపోవడం, రెండు రోజులుగా తినకపోవడం, చిన్న పిల్లలను, జంతువులను గాయపరచడం, లేని మాటలు వినిపిస్తున్నాయనడం. బెదిరించడానికి అంటోందని కొట్టిపారేయకండి. పురుగుల మందు డబ్బాలు, మాత్రలు ఇంట్లో తాళం వేసి పెట్టండి, మామిడి తోటలున్న ఇళ్లలో ఇది మరీ ముఖ్యం. బిడ్డ కనిపించకపోతే గంటలు వెతుకుతూ కూర్చోకుండా అత్యవసర నంబరు 112కు గానీ పిల్లల హెల్ప్‌లైన్ 1098కు గానీ ఫోన్ చేయండి. తిరుపతి రైల్వే స్టేషన్, బస్టాండు జనంలో ఒక బిడ్డ తప్పిపోవడానికి పది నిమిషాలు చాలు.

నాకే విసుగు, ఏడుపు వస్తున్నాయి. ఈ బిడ్డ మీద ప్రేమ పుట్టట్లేదు.

ఇది ఎంతోమంది తలుపు దగ్గరికి వేసి, గొంతు తగ్గించి చెప్పే మాట. ప్రేమ పుట్టకపోయినా వేళకు అన్నం పెట్టొచ్చు, గేటు దగ్గర ఉండొచ్చు, గొంతు పెంచకుండా ఉండొచ్చు. బిడ్డకు మొదట కావాల్సింది అదే. మీరు నిద్రపోవడానికి ఇంకొకరు చూసుకునే ఏర్పాటు ముందే చేసుకోండి. ఆ మనిషి ఎవరో సంరక్షణ విభాగానికి తెలిసుండాలి. మొత్తం భారం ఇల్లాలి మీద వేసి, సాయంత్రం "ఏం పెంచుతున్నావు" అనే భర్తలకు నేను ఈ జవాబు రెండుసార్లు చదవమని చెబుతాను.

ఇలాంటి పిల్లలు పెద్దయ్యాక బాగుపడతారా?

1998లో అమెరికాలో విన్సెంట్ ఫెలిట్టి, రాబర్ట్ ఆండా బృందం చేసిన అధ్యయనంలో బాల్యంలో ఎదురైన దెబ్బలు పెరిగేకొద్దీ పెద్దయ్యాక దిగులు, తాగుడు, గుండెజబ్బుల ముప్పు పెరుగుతుందని తేలింది. ముప్పు పెరుగుతుంది, అంతే. నుదుటి రాత కాదు. ఇంకో వైపు, 2000లో రొమేనియా రాజధాని బుకారెస్ట్‌లో మొదలైన పరిశోధనలో అనాథాశ్రమాల్లో ఉన్న 136 మంది పసిపిల్లలను తీసుకుని సగం మందిని ఫోస్టర్ కుటుంబాలకు పంపారు. కుటుంబాలకు చేరినవాళ్లలో తెలివితేటలు, మనుషులతో అనుబంధం మెరుగుపడ్డాయి. రెండేళ్ల లోపు చేరినవాళ్లలో మార్పు ఇంకా ఎక్కువ. పెద్ద వయసులో వచ్చిన పిల్లలకు ఎక్కువ కాలం పడుతుంది. ఆరు నెలల్లో ఫలితం చూపించమని ఎవరైనా అడిగితే వాళ్లకు ఈ పని తెలియదు.

ఇక మావల్ల కాదనిపిస్తే?

విరిగిపోయేదాకా ఆగకుండా కమిటీకి ముందే చెప్పండి. చాలాసార్లు కౌన్సెలింగ్ పెంచడమో, కొద్దిరోజుల విరామమో సరిపోతుంది. నిజంగా పంపాల్సి వస్తే అబద్ధం చెప్పి, ఊరికి వెళ్దామని బండెక్కించి దింపి రావొద్దు. ఎక్కడికి వెళ్తోందో, ఎందుకో మీరే చెప్పండి, "నీ తప్పేం లేదు, మాకే చేతకాలేదు" అని కూడా చెప్పండి. బట్టలు మంచి బ్యాగులో సర్దండి, ప్లాస్టిక్ కవర్లో కాదు. ఫొటోలు, బడి పుస్తకాలు, ఆ బొరుగుల డబ్బా, మీ నోటుబుక్ కూడా పంపండి. వీలైతే తర్వాత ఫోన్ చేస్తూ ఉండండి.

పద్దెనిమిది నిండితే?

ఫోస్టర్ కేర్ అక్కడితో ముగుస్తుంది. జువెనైల్ జస్టిస్ చట్టం 46వ సెక్షన్ కింద హోముల నుంచి బయటికొచ్చే పిల్లలకు 21 ఏళ్లదాకా ఆఫ్టర్ కేర్ సాయం ఉంది. మీ బిడ్డకు అది గానీ, చదువుకు ఇంకేదైనా పథకం గానీ వర్తిస్తుందా అని పదిహేడో ఏటే సంరక్షణ విభాగంలో అడగండి. ఆధార్, బ్యాంకు ఖాతా, పదో తరగతి సర్టిఫికెట్, కుల ధ్రువీకరణ అప్పటికల్లా బిడ్డ పేరున, బిడ్డ చేతిలో ఉండాలి. ఆ తర్వాత మీ ఇంట్లోనే ఉంచుకోవడానికి ఎవరి ఆర్డరూ అక్కర్లేదు.